పంటు మీద పద్మిని

కార్లు చూడడం నాకు పిచ్చి అని తెలిసిన ప్రతి ఒక్కరూ ఇచ్చే సలహా ఒకటే. హైదరాబాదు వెళ్ళు, ఆదివారం సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక కాఫీ షాపు ముందు నిలబడు, లాంబోర్గినీలు, పోర్షెలు వరసగా వస్తాయి, భీమవరంలో రొయ్యల లారీలు తప్ప ఏం కనబడతాయి అంటారు. వెళ్ళాను, చూశాను. బాగున్నాయి, శబ్దం ఇంకా బాగుంది. కానీ డబ్బున్నవాళ్ళు షోరూముకి వెళ్ళి చెక్కు రాస్తే ఆ కారు వస్తుంది. దాన్ని గుద్దేస్తే ఇంకో చెక్కు రాస్తారు, ఇంకోటి వస్తుంది. కాలవ గట్టు మీద వెళ్ళే 1980ల నాటి కాంటెస్సా ఒకటి పోతే మాత్రం ఎన్ని చెక్కులు రాసినా కొత్తది రాదు. దాని తయారీ 2002లోనే ఆగిపోయింది.

నా లెక్కలో అరుదైన కారంటే ఇంకొకటి పుట్టే అవకాశం లేని కారు. రేటుతో సంబంధం లేదు. అలా చూస్తే మన గోదావరి డెల్టాలో కనబడేవి జూబ్లీహిల్స్‌లో కనబడే వాటికన్నా చాలా అరుదైనవి. వాటిని చూసేవాళ్ళే లేరు. ఫోన్లు పట్టుకుని రేంజ్ రోవర్ వెనక పరిగెత్తే కుర్రాళ్ళు, పక్కనే ఆగి ఉన్న ఫియట్టుని కన్నెత్తి కూడా చూడరు. నా బాధ అదే.

ఇక్కడ పాత కార్లు ఎందుకు మిగిలాయో ఆలోచిస్తే నాకు తోచిన మొదటి కారణం స్థలం. నగరంలో అపార్టుమెంటుకి ఒక్క పార్కింగే ఇస్తారు, కొత్త కారు కొనగానే పాతది వెళ్ళిపోవాల్సిందే. మన ఊళ్ళలో పెంకుటింటి పక్కన రేకుల షెడ్డు ఉంటుంది, ధాన్యం కొట్టు ఉంటుంది, పశువుల పాక ఖాళీగా ఉంటుంది. కారు తోలకపోయినా దాన్ని తీసేయమని తొందరపెట్టేది ఏదీ ఉండదు. రెండో కారణం మమకారం. 1960ల్లో, 70ల్లో మన దేశంలో కారు కొనాలంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్, దాదాపు ఈ మూడిట్లోనే ఎంచుకోవాలి. బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అలా వచ్చిన కారు ఆ ఇంటివాళ్ళదే అయినా ఊరంతటికీ పనికొచ్చేది. అర్ధరాత్రి కాన్పు నొప్పులొస్తే ఆ కారే, పెళ్ళికొడుకుని తీసుకురావాలన్నా ఆ కారే. ఇలాంటి కారుని ఇనుప సామాన్ల వాడికి తూకం వేసి ఇవ్వడానికి పెద్దవాళ్ళకి మనసొప్పదు.

అంబాసిడర్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అన్నీ ఒకటేలే అని జనం దాటేసేది దాన్నే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడాలో తయారుచేసేవాళ్ళు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మూలం. 1950ల చివర మొదలై 2014 మే దాకా తయారైంది. బయటి రూపం దాదాపు అదే, కానీ ముందు జాలీ చూస్తే కాలం తెలుస్తుంది. 1960ల్లో వచ్చిన మార్క్ టూకి గళ్ళ జాలీ ఉంటుంది. తర్వాత మార్క్ త్రీ, 1979 ప్రాంతంలో మార్క్ ఫోర్, ఆ పైన నోవా, ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800, గ్రాండ్, అవిగో అనే మోడళ్ళు. జాలీ, ఇండికేటర్లు, బంపరు, డాష్‌బోర్డు, వీటిలో ఒక్కొక్కటీ మారుతూ వచ్చాయి. రాజమండ్రి కోటగుమ్మం వైపు తెల్లటి అంబాసిడర్ కనబడితే "ఓ పాత కారు" అని ఊరుకోకండి. ముందుకు వెళ్ళి జాలీ చూడండి. గళ్ళ జాలీ అయితే మీ ముందున్నది అరవయ్యేళ్ళ నాటి బండి కావచ్చు. తర్వాతి జాలీలు కొన్ని దాదాపు కొత్త కార్లకిందే లెక్క, నా లెక్కలో.

డెల్టా వాళ్ళకి అంబాసిడర్ అంటే 1489 సీసీ డీజిల్ ట్యాక్సీయే గుర్తొస్తుంది. వెనక ఐదుగురు, ముందు నలుగురు, డిక్కీలో అరటి గెలలు. అందువల్లే ఇక్కడ డీజిల్వి త్వరగా అరిగిపోయాయి. సొంతానికి వాడిన పెట్రోలు బండ్లే ఎక్కువ నిలబడ్డాయని నేను గమనించాను.

నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు, అంటే బండ్లనీ జనాన్నీ నది దాటించే పెద్ద పడవ, నడుస్తుంది. గోదావరి మీద ఇన్ని వంతెనలు వచ్చాక కూడా అక్కడ కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, జనం అందరూ ఒకే చెక్కల మీద కలిసి గోదావరి పాయ వశిష్ఠని దాటుతారు. కార్లు చూసేవాడికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. రోడ్డు మీద కారు కనబడి మాయమైపోతుంది. పంటు మీద మాత్రం ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, అవతలి రేవు దాకా మీ పక్కనే నిలబడుతుంది. యజమానికీ అంతసేపు పనేమీ ఉండదు కాబట్టి మాట కలుస్తుంది. అంతర్వేది తీర్థానికి ముందు రోజుల్లో అయితే రేవులో బండ్ల వరసే ఒక ప్రదర్శన.

అక్కడే ఒకసారి లేత నీలం రంగు ప్రీమియర్ పద్మిని చూశాను. పక్కన పంచె కట్టుకున్న పెద్దాయన. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే ఆయనే పలకరించారు.

"ఏం బాబూ, కొనడానికా?"

"లేదండీ, చూద్దామని. గేరు స్టీరింగు దగ్గరే ఉందాండీ ఇంకా?"

ఆయన తలుపు తీసి లోపల కూర్చోమన్నారు. "మా పెద్దోడు మార్పించేద్దాం నాన్నా అన్నాడండీ. ఒద్దురా, అది మారిస్తే ఇక ఫియట్టెందుకు అన్నాను."

స్టీరింగు పక్కన కాడ పట్టుకుని మార్చే ఆ గేరు కోసమే మా తరం వాళ్ళు చాలామంది పద్మినిని ప్రేమిస్తారు. బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఇటలీ ఫియట్ 1100 ఇది. 1089 సీసీ ఇంజను. ముందు ఫియట్ పేరుతోనే అమ్మేవాళ్ళు, 1970ల్లో చిత్తోడ్ రాణి పద్మిని పేరు పెట్టారు. పేరు మారినా మన వాళ్ళ నోట మాత్రం చివరి దాకా ఫియట్టే. 1950ల నాటి ఫియట్లలో ముందు తలుపులకి మడతబందులు వెనక వైపు ఉండేవి, అంటే తలుపు మామూలుకి వ్యతిరేకంగా తెరుచుకునేది. అలాంటిది ఎక్కడైనా షెడ్డులో ఉందని తెలిస్తే బస్సెక్కి పోతాను.

ఆ పెద్దాయన ఇంకో మాట చెప్పారు. తాను చిన్నప్పుడు ఇదే రేవులో, ఇదే పంటు పద్ధతిలో వాళ్ళ నాన్నగారి కారు దాటించేవాళ్ళట, అప్పుడు రెండు పలకలు వేసి జాగ్రత్తగా ఎక్కించేవాళ్ళట. కారు ఏ సంవత్సరంది, ఇంజను ఎంత అన్నది ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఈ కబురు ఆయన చెప్తేనే దొరుకుతుంది. కారుని ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు పోగొట్టుకునేది ఇదే.

మిగతావాటిలో హెరాల్డ్ నాకు చాలా ఇష్టం. మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు 1961 నుంచి తయారుచేశారు. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే, గీసింది ఇటలీ డిజైనరు మికెలొట్టి. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకి లేస్తుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మొదట రెండే తలుపులు, తర్వాత మన దేశం కోసం నాలుగు తలుపులది చేశారు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు నాలుగు తలుపుల హెరాల్డ్ అమ్మలేదు, అది అచ్చంగా మనదే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ కాంటెస్సా 1984లో వచ్చింది, మూలం ఇంగ్లండు వాక్స్‌హాల్ కారు. అంత పొడుగు బండికి మొదట్లో అంబాసిడర్ ఇంజనే పెట్టారు, పాపం లాగలేకపోయేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టాక దానికి ప్రాణం వచ్చింది. రైసు మిల్లుల వాళ్ళు, కాంట్రాక్టర్లు ఇష్టపడి కొన్న కారు అది. 1991 నాటి టాటా సియెర్రా మూడు తలుపులది, వెనక పక్కన తెరవలేని పెద్ద గాజు పైకప్పులోకి వంగి ఉంటుంది. 2025లో టాటా వాళ్ళు అదే పేరుతో కొత్త కారు తెచ్చాక, తణుకులో ఓ పాత సియెర్రా చుట్టూ కుర్రాళ్ళు మూగడం చూశాను. మంచిదే, అలాగైనా చూస్తున్నారు. బెంగళూరు సిపానీ వాళ్ళ డాల్ఫిన్ మాత్రం ఇంతవరకు నాకు డెల్టాలో కనబడలేదు. ఫైబర్‌గ్లాసు బాడీ కారు అది, ఆ బాడీ తుప్పు పట్టదు. మన గాలికి సరిగ్గా సరిపోయే బండి.

గాలి అన్నాను కదా. డెల్టాలో పాత కారుకి అసలు శత్రువు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. కాకినాడ - ఉప్పాడ రోడ్డు మీద పోటు రోజుల్లో కెరటం ఏకంగా కారు మీదే పడుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల్లోంచి కారే నీళ్ళు రోడ్డు మీద ఎండి, టైర్లు చిమ్మితే కారు అడుగుకి అంటుతాయి. పై రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద ఫ్లోరు రేకు పుచ్చిపోతుంది. అందుకే నేను పాత కారు కనబడితే వంగి తలుపు కింది అంచులు, చక్రాల పైవంపు చూస్తాను. అక్కడ అతుకులు నున్నగా ఉంటే ఎవరో ఏళ్ళ తరబడి శ్రద్ధగా చూసుకున్నారని అర్థం. దాని వెనక ఒక టింకరింగు మేస్త్రీ ఉంటాడు, విజయవాడ ఆటోనగర్‌లో ఫలానా చోట కాంటెస్సా లైటు దొరుకుతుందని చెప్పగలిగే మెకానిక్కు ఉంటాడు. వాళ్ళ వయసు ఇప్పుడు అరవై పైన. కార్బురేటరు చెవితో విని సరిచేసే ఆ పని వాళ్ళ పిల్లలకి రాదు, నేర్చుకోమనడానికి గిరాకీ కూడా లేదు. కార్లు అరుదవుతున్నాయని చెప్పేటప్పుడు ఈ మనుషుల్ని కూడా అదే లెక్కలో కలపాలి.

నంబరు ప్లేటు చదవడం ఈ సరదాలో సగం. మూడు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు ఉంటే 1989కి ముందు రిజిస్టరైన బండి. ఆ తర్వాత ఏపీ 5 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. హైదరాబాదులో ట్రాఫిక్‌లో ఏపీ 37 కనబడితే మన వాళ్ళేనని ఎంత సంబరం! 2019 నుంచి రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 పెట్టేశారు. శ్రీకాకుళం బండికీ, అనంతపురం బండికీ, అమలాపురం బండికీ ఒకటే. పరిపాలనకి సౌకర్యమే అయి ఉండొచ్చు, కానీ బండి మొహం మీద ఊరి గుర్తు చెరిగిపోయింది. ఇప్పుడు ఏపీ 5, ఏపీ 37 ప్లేట్లు కూడా కొత్తవి పుట్టవు. వీటన్నిటి మధ్యలో యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన ఆ చిన్న ఊరి బండ్లకి పీవై 04. ఎదుర్లంక వంతెన మీద కాసేపు నిలబడితే ఏపీ 5, ఏపీ 39, పీవై 04, టీజీ, అన్నీ కలిసిపోతూ కనబడతాయి.

టీజీ అంటే సంక్రాంతి. పండగ మూడు రోజులూ భీమవరం, ఉండి చుట్టుపక్కల కోసిన వరిచేలల్లో, పందాల బరుల పక్కన ఆగే కార్లు చూస్తే హైదరాబాదు ఇక్కడికి తరలివచ్చినట్టే ఉంటుంది. ఖరీదైన కార్లు చూడాలనుకునేవాళ్ళకి అదే సీజను. నేను ఆ రోజుల కోసం ఎదురుచూసేది వేరే కారణంతో. కొడుకులు, మనవలు ఇంటికొస్తారు. షెడ్డులో తాతగారి కారు గుర్తొస్తుంది. కొత్త బ్యాటరీ తెచ్చి వేస్తారు, కడుగుతారు, ఫొటోల కోసమైనా బయటికి తీస్తారు. ఏడాదంతా కనబడని ఫియట్లు, జీపులు భోగి నాటి మధ్యాహ్నం నుంచి కనుమ దాకా ఊరి రోడ్ల మీద తిరుగుతాయి. అప్పుడు పాలకొల్లు నుంచి రాజోలు వైపు లోపలి రోడ్ల మీద మోటారు సైకిల్ వేసుకుని వెళ్తే, హైవే మీద నెల రోజులు నిలబడ్డా కనబడనివి కనబడతాయి.

చట్టం సంగతికొద్దాం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపం మారకూడదు, 20,000 రూపాయల ఫీజుతో పదేళ్ళకి రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాలున్న ప్లేటు ఇస్తారు. ప్రదర్శనలకి, ర్యాలీలకి తప్ప రోజువారీ తోలకూడదు. మంచి నిబంధనే. అయితే 50 ఏళ్ళు అన్నది చూడండి. 1984 కాంటెస్సా ఆ గౌరవం పొందాలంటే 2034 దాకా బతకాలి. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి మారుతి 800 కార్లు 2033 దాకా ఆగాలి. సియెర్రాకి 2041. ఈలోగా అవి అందరి దృష్టిలో పాత ఇనుము. 15 ఏళ్ళు దాటాక ప్రతి ఐదేళ్ళకీ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, 2025 నుంచి 20 ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజు 10,000 రూపాయలు చేశారు. షెడ్డులో ఉన్న కారు అమ్మితే వచ్చేది దానికి కొంచెం ఎక్కువ. అప్పుడు ఇంట్లో వాళ్ళు ఏం నిర్ణయిస్తారో ఊహించడం కష్టం కాదు.

ప్రభుత్వ వాహనాల సంగతి ఇంకా ఘోరం. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు. ఆఫీసుల ఆవరణల్లో వేపచెట్ల కింద ఉండే అంబాసిడర్లు, జీపులు ఆ దెబ్బతో వరసగా వెళ్ళిపోయాయి. ఒక్కో జిల్లాలో ఒక్కటైనా ఉంచి ఉండాల్సింది. 1986 గోదావరి వరదలప్పుడు, 1996 కోనసీమ తుపాను తర్వాత అధికారులు లంకల వైపు, తీరం వైపు తిరిగింది ఆ కాలపు బండ్లలోనే. కాటన్ దొర మ్యూజియం పక్కన ఓ మార్క్ ఫోర్ నిలబెడితే ఎవరికి నష్టం?

పాత కార్లు పొగ వదులుతాయి, ఎయిర్‌బ్యాగులు ఉండవు, ఇంకెన్నాళ్ళు అనేవాళ్ళకి నా జవాబు సూటిగా చెప్తాను. నిజమే, వదులుతాయి, ఉండవు. రోజూ రాజమండ్రి - విశాఖ ట్యాక్సీగా తిప్పమని నేను అనడం లేదు. నెలకోసారి గుడికో, పెళ్ళికో బయటికొచ్చే కారునీ, రోజూ మూడు వందల కిలోమీటర్లు తిరిగే కారునీ వయసు ఒక్కటే చూసి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఎంత తిరుగుతుంది, పరీక్షలో ఎంత పొగ వదిలింది, బ్రేకులు పడుతున్నాయా అన్నది చూడండి. పాతికేళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఏడాదికి ఇంతకు మించి తిరగను అని ఒప్పుకున్న బండికి తక్కువ ఫీజుతో మధ్యలో ఒక ప్రత్యేక వర్గం పెట్టండి. వింటేజ్ అయ్యేదాకా బతకనివ్వండి అనే నేను అడిగేది.

ఇక చూసేవాళ్ళ సంగతి. హైవే మీద రావులపాలెం దాటాక ఓ ఖరీదైన కారు కనబడితే, మోటారు సైకిల్ మీద వెనక కూర్చున్నవాడు వీడియో తీస్తూ, ముందువాడు దాని పక్కనే నడుపుతూ, ఇంకా స్పీడు పెంచమని చేత్తో సైగ చేస్తూ వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. గౌతమి వంతెన మీద అలా చేస్తే జరగరానిది జరగడానికి ఒక్క క్షణం చాలు. అది కార్ల మీద ఇష్టం కాదు. ఇష్టం ఉన్నవాడు ఆగి ఉన్న కారు దగ్గరికి వెళ్తాడు, యజమానిని అడుగుతాడు, ముట్టుకునే ముందు చెయ్యి తుడుచుకుంటాడు. ఇంకో విషయం, ఫొటో బయట పెట్టేటప్పుడు నంబరు చెరిపేయండి, ఇల్లు కనబడకుండా చూడండి. పాత కార్ల విడిభాగాలకి ఇప్పుడు రేటుంది. ఫలానా ఊళ్ళో, ఫలానా వీధిలో, తాళం లేని షెడ్డులో హెరాల్డ్ ఉందని లోకానికి చెప్పి ఆ పెద్దవాళ్ళకి టెన్షన్ తెచ్చిపెట్టకూడదు. నేను మండలం పేరు దాటి చెప్పను.

చూసిన ప్రతి కారు గురించి నా నోటు పుస్తకంలో రాసుకునేదేమిటంటే తేదీ, ఏ మండలం, ఏ మోడలు, జాలీ ఏది, రంగు అసలుదా మార్చిందా, తుప్పు ఎక్కడ, ఎవరి చేతిలోంచి ఎవరికి వచ్చింది. చివరిదానికే ఎక్కువ గీతలు వదులుతాను. ఈ పుస్తకంలో ఈ మధ్య కొత్త పేర్లు చేరాయి. మాటిజ్, ఒపెల్ ఆస్ట్రా, ఫియట్ ఊనో, మొదటి తరం ఇండికా, మారుతి జెన్. మొన్నమొన్నటి దాకా ప్రతి సందులో ఉన్న కార్లే కదా అనుకుంటాం. డేవూ మూతపడింది, జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. పార్టులు దొరకవన్న భయంతో జనం వీటిని ముందుగానే వదిలించుకుంటున్నారు. హెరాల్డ్‌ని దాచుకున్నట్టు మాటిజ్‌ని ఎవరూ దాచుకోలేదు. అందుకే ఇంకొన్నాళ్ళకి హెరాల్డ్ కన్నా మాటిజే దొరకడం కష్టమవుతుందేమోనని నా అనుమానం. మీ వీధిలో ఒకటుంటే ఈ వారమే ఫొటో తీయండి.

అలాగే మీ ఇంట్లో పాత పెళ్ళి ఆల్బంలు ఉంటాయి. బంతిపూల దండలు చుట్టిన కారు ముందు పెళ్ళికొడుకు, తోడపెళ్ళికొడుకు, పక్కన స్టీరింగు మీద చెయ్యి వేసి డ్రైవరు. ఆ కారు ఎవరిది, ఏ ఊరి నుంచి తెచ్చారు, డ్రైవరు పేరేంటి, తర్వాత ఎవరికి అమ్మారు అని అమ్మమ్మనో పెదనాన్ననో ఈ సంక్రాంతికి అడిగి, ఫొటో వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. పెన్నుతో రాస్తే మన తేమకి సిరా ఫొటోలోకి దిగిపోతుంది.